నీలం మందు

నేను చేపలు కొనే షాపులో ఏ జబ్బుకైనా మందు ఒకటే. చేప రెక్కలు ముడుచుకుందన్నా, తిండి ముట్టట్లేదన్నా, ఒంటి మీద తెల్ల చుక్కలొచ్చాయన్నా, అడుగున రాళ్లకి ఒళ్లు రుద్దుకుంటోందన్నా షాపతను కౌంటర్ కిందనుంచి ఒక చిన్న ప్లాస్టిక్ సీసా తీసి చేతిలో పెడతాడు. "ఇది వెయ్యన్నా, తగ్గిపోతాది." సీసాలో ఉండేది నీలం మందు. తొట్టిలో నాలుగు చుక్కలు వేస్తే పొగలా విచ్చుకుని, నిమిషంలో నీళ్లన్నీ నీలంగా మారిపోతాయి. చూడ్డానికి బాగుంటుంది. ఏదో ఒకటి చేశామన్న తృప్తి వెంటనే దొరుకుతుంది. ఆ తృప్తి కోసం నేను ఐదు చేపల్ని చంపాను. అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

2021. హైదరాబాదులో ఆఫీసు మూతబడి, ల్యాప్‌టాప్ పట్టుకుని నంద్యాలలో అమ్మానాన్నల దగ్గరికి వచ్చేశాను. నాన్నకి కుడి ఊపిరితిత్తి సగమే పనిచేస్తుంది. చాలా ఏళ్లుగా అంతే. కరోనా రోజుల్లో ఆయన్ని వీధి చివర టీకొట్టు దాకా పంపడానికి కూడా మాకు ధైర్యం లేకపోయింది. రోజంతా టీవీ ముందు కూర్చుని విసిగిపోయిన మనిషి కోసం మూడడుగుల గాజు తొట్టి కొన్నాను. అందులో ఎనిమిది గోల్డ్‌ఫిష్‌లు. ఆ షాపుకి చేపలు చెన్నై కొళత్తూరు నుంచి వస్తాయి. ఆక్సిజన్ నింపిన పాలిథీన్ సంచుల్లో రాత్రంతా ప్రయాణం చేసి, కడప దాటి, ఆళ్లగడ్డ మీదుగా తెల్లారేసరికి నంద్యాల చేరతాయి. అంత ప్రయాణం చేసొచ్చిన చేప ఏమేం మోసుకొస్తుందో నాకప్పుడు తెలియదు.

మూడు వారాలకి అవి ఉన్నట్టుండి మెరుపులా పక్కకి తిరిగి రాళ్లకి ఒళ్లు రుద్దుకోవడం మొదలుపెట్టాయి. షాపతను ఫోన్లోనే తేల్చేశాడు: "ఇక్ అన్నా." ఇంటర్నెట్ కూడా అదే చెప్పింది. ఇక్ అనేది ముద్దుపేరు. అసలు పేరు ఇక్థియోఫ్థిరియస్ మల్టిఫిలియిస్. గ్రీకు, లాటిన్ ముక్కలు విడదీస్తే 'బహుసంతానం గల చేపపేను' అని వస్తుంది. నిజానికి అది పేను కాదు, ఏకకణ జీవి. చేప చర్మం పైపొర కింద దూరి బలిసి, తెల్లచుక్కలా కనబడుతుంది. తర్వాత చేపని వదిలి అడుగుకి జారి, చుట్టూ గూడు కట్టుకుని, వందల ముక్కలుగా చీలుతుంది. ఆ ముక్కలు ఒకటి రెండు రోజుల్లో ఇంకో చేపని వెతుక్కోవాలి, లేకపోతే చస్తాయి. చర్మం కింద ఉన్నప్పుడు ఏ మందూ దాన్ని తాకదు. నీళ్లలో ఈదే ఆ కొద్ది గంటల్లోనే దొరుకుతుంది. అందుకే ఒకసారి మందు పోసి ఊరుకుంటే లాభం లేదు, రోజుల తరబడి పోయాలి.

ఇదంతా చదివి నేనెంతో తెలివైనవాణ్ణి అనుకున్నాను. తెల్ల చుక్కలు ఒక్కటి కూడా లేవన్న సంగతి మాత్రం పట్టించుకోలేదు. నీలం మందు పోశాను. తగ్గలేదని రెండో రోజు రెట్టింపు పోశాను. మూడో రోజు రాళ్లుప్పు కూడా వేశాను. నాలుగు రోజుల్లో ఐదు చేపలు పోయాయి. రోజూ పొద్దున్నే వాటికి మేత వేసే నాన్న ఆ నీలం నీళ్ల ముందు నిలబడి, "ఏం కనపడ్డంలేదు రా, లోపల ఏముందో" అన్నాడు.

ఆళ్లగడ్డలో మా మేనమామ ఉన్నాడు. ముప్పై ఏళ్లకి పైగా ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. రక్తం, కళ్లె, మూత్రం, మలం, మనిషి ఒంట్లోంచి ఏది బయటికొచ్చినా స్లైడు మీద పెట్టి చూసినవాడు. చచ్చిన చేపల్లో ఒకదాన్ని ఐసు డబ్బాలో పెట్టుకుని ఆదివారం బస్సెక్కాను. గంట ప్రయాణం. ఆళ్లగడ్డ అనగానే అందరికీ రాతి శిల్పాలు గుర్తొస్తాయి. మామకి మాత్రం శిల్పాలంటే దుమ్ము. రెండు సందుల అవతల ఏ కార్ఖానాలో రాయి కోసినా ఆ దుమ్మొచ్చి తన స్లైడ్ల మీదే వాలుతుందని ఆయన జీవితకాలపు ఫిర్యాదు.

డబ్బా తెరిచి చూసి, "చచ్చినదాన్ని తెచ్చినావు. ఇల్లు కూలిపోయినాక పురుగులు ఇంకా అందులోనే కూసుంటాయా?" అన్నాడు. తర్వాత అడిగాడు. "సూసినావా?"

"చూశాను మామా. పాపం ఒళ్లు రుద్దుకుంటా..."

"అట్ల కాదు రా. కింద పెట్టి సూసినావా? మందు పోసేముందు?"

కింద పెట్టి చూడ్డం అంటే మైక్రోస్కోపు కింద. మామ భాషలో చూడ్డానికి ఇంకో అర్థం లేదు. మిగతాదంతా ఆయన లెక్కలో అనుకోవడం.

ఆరోజు సాయంత్రం బీరువా పైనుంచి చెక్కపెట్టె దింపించి నాకిచ్చేశాడు. అంబాలాలో తయారైన పాత మైక్రోస్కోపు. ఒంటి కన్ను గొట్టం, కింద కరెంటు బల్బు బదులు అద్దం, మూడు లెన్సులు: 10, 45, నూనె చుక్క వేసి చూసే 100. నల్లరంగు పోయిన చోట ఇత్తడి బయటపడి ఉంది. "నాకింక పనికిరాదులే" అన్నాడు. ఎడమ కన్ను గ్లకోమాతో దాదాపు పోయింది. కుడి కంటికి శుక్లం ఆపరేషనైంది. పెట్టె ఇచ్చేస్తున్నప్పుడు ఆయన మొహం చూడకుండా నా చెప్పులు ఎక్కడున్నాయో వెతుక్కున్నాను.

మొదటి స్లైడు నంద్యాలలో, మామ వీడియో కాల్‌లో ఉండగా తీశాను. మిగిలిన మూడు చేపల్లో ఒకదాన్ని తడి గుడ్డలో పట్టుకోవాలి. మొప్పల వెనక నుంచి తోక వైపు, పొలుసుల వాలు వెంబడే, కవర్ స్లిప్ అంచుతో మెల్లగా ఒకసారి గీయాలి. ఎదురు గీస్తే పొలుసులు లేచిపోతాయి. అంచు మీద చేరిన జిగురుని స్లైడు మీద పెట్టి, ఆ తొట్టి నీళ్లే ఒక చుక్క వేసి మూయాలి. చేప బయట ఉండేది ఇరవై సెకన్లు. మొదటిసారి నా చేతులు ఎంత వణికాయంటే, అమ్మ వచ్చి చేపని పట్టుకుంది.

కంటిని ఆనిస్తే తెల్లటి వెలుతురు తప్ప ఏమీ లేదు.

"ఏమీ లేదు మామా."

"వెలుతురు తగ్గించు. కండెన్సర్ కిందికి దించు, ఐరిస్ మూయి. రంగేసిన స్లైడుకి వెలుతురు కావల్ల. రంగు లేనిదానికి నీడ కావల్ల."

తగ్గించాను. తెల్లటి వెలుతురులోంచి గీతలు తేలాయి. జిగురు తంతువులు, పొలుసు ముక్కలు, వాటి మధ్య ఒళ్లు సాగదీస్తూ, ముడుస్తూ, నాలుగు దిక్కులా తడుముకుంటున్న ఒక జీవి. వెనక చివర రెండు పెద్ద కొక్కేలు, వాటి చుట్టూ చిన్న కొక్కేల వరస. దాన్నే చూస్తూ ఉండగా దాని పొట్టలో ఇంకో జత కొక్కేలు కనబడ్డాయి.

అది గైరోడాక్టిలస్. చర్మాన్ని పట్టుకుని బతికే చదునైన పురుగు. పొడవు అర మిల్లీమీటరుకి అటూ ఇటూ. గుడ్లు పెట్టదు, పిల్లని కంటుంది. కనబోయే పిల్ల కడుపులో అప్పటికే ఇంకో పిల్ల పెరుగుతూ ఉంటుంది. ఒక్క పురుగు చాలు, తొట్టి నిండడానికి. దీని చుట్టం డాక్టిలోగైరస్ మొప్పల్లో ఉంటుంది. అది గుడ్లు పెడుతుంది, తల దగ్గర నాలుగు కంటిచుక్కలుంటాయి. ఈ రెంటికీ తేడా తెలియడం పాండిత్యం కోసం కాదు. గుడ్లని మందు చంపదు కాబట్టి, గుడ్లు పెట్టేదైతే అవి పొదిగాక మళ్లీ మందు వెయ్యాలి. ఏది ఉందో తెలిస్తేనే ఎన్నిసార్లు వెయ్యాలో తెలుస్తుంది.

ఇక్ కాదు. నీలం మందుకి ఈ పురుగుని చంపేంత శక్తి లేదు. మనుషులకీ కుక్కలకీ బద్దెపురుగులకి ఇచ్చే ప్రాజిక్వాంటెల్ దీని మందు. అది తెప్పించి వేశాను. వారం తర్వాత గీస్తే పురుగులు కనబడలేదు. మూడు చేపలూ బతికాయి. పోయిన ఐదూ పురుగుల వల్ల పోలేదని అప్పుడర్థమైంది. ఫిల్టర్లో బాక్టీరియా కాలనీలు ఉంటాయి. చేపల విసర్జనలోని అమ్మోనియాని అవే విరగ్గొడతాయి. నీలం మందు ఎక్కువైతే ముందు దెబ్బ తినేది అవి. నేను చేపల్ని వాటి అమ్మోనియాలోనే ముంచి, పైన ఉప్పు చల్లాను.

తర్వాతోసారి ఆళ్లగడ్డ వెళ్లినప్పుడు ఆ సీసా పట్టుకెళ్లాను. మామ మూత తీసి ఒక చుక్క వేలి మీద వేసుకుని కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. "ఇది నా రంగే కదరా" అన్నాడు.

నిజంగానే ఆయన రంగు. మిథిలీన్ బ్లూ. 1876లో జర్మనీలో నూలుబట్టకి అద్దే రంగుగా పుట్టింది. 1882లో రాబర్ట్ కోక్ క్షయ క్రిమిని మొదటిసారి బయటపెట్టినప్పుడు స్లైడు మీద వేసింది ఇదే. 1891లో పాల్ ఎర్లిక్ దీన్ని మలేరియా రోగులకి మందుగా ఇచ్చి చూశాడు. మన దేశంలో మలేరియా స్లైడ్లకి దశాబ్దాలుగా వాడే జె.ఎస్.బి. స్టెయిన్‌లో ఉండేది ఇదే. కళ్లె పరీక్షలో ఎర్ర రంగు క్షయ క్రిమిని పట్టుకున్నాక, మిగతా అంతటికీ నీలం అద్ది నేపథ్యం చేసేదీ ఇదే. మామ వేళ్లకి ముప్పై ఏళ్లు అంటుకుని ఉన్న రంగు. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే ఆ వేళ్లతోనే మాకు ముద్దలు కలిపి పెట్టేవాడు. అత్త అరిచేది.

చూడ్డానికని ఆయన జీవితమంతా వాడినదాన్ని చూడకుండా ఉండడానికి నేను వాడాను. అప్పట్లో దీన్ని మంచి వాక్యంగా రాసుకుని డైరీలో పెట్టుకున్నాను. తర్వాత జరిగింది తెలిశాక ఆ వాక్యం అంత మంచిదిగా అనిపించలేదు.

మైక్రోస్కోపు చేతికొచ్చాక నాకు కొత్త జబ్బు పట్టుకుంది. వారానికి రెండుసార్లు గీసి చూసేవాణ్ణి. ప్రతిసారీ ఏదో ఒకటి కదిలేది. పొడుగు కాడ మీద గంటలా ఊగే వోర్టిసెల్లా, లోపల పళ్ల చక్రం పెట్టుకుని పళ్లెంలా గిర్రున తిరిగే ట్రైకోడైనా. ఒకసారి నల్లటి గుండ్రటి అంచుతో మహా భయంకరంగా ఉన్నదాన్ని ఫోటో తీసి మామకి పంపాను. గాలి బుడగ అని జవాబొచ్చింది. రెండు ట్రైకోడైనాలు కనబడ్డాయని ఫార్మలిన్ వెయ్యబోతుంటే ఫోన్ చేసి తిట్టాడు. "కనపడినోళ్లంతా దొంగలు కారు రా. రెండుంటే కాపురముండాయి. రెండు వందలుంటే నీళ్లు చెడిపోయినాయి అని అర్థం. ముందు దుమ్ము ఎట్లుంటదో, బుడగ ఎట్లుంటదో నేర్చుకో. పురుగు సంగతి తర్వాత." కొత్తగా చేరిన ప్రతి టెక్నీషియన్‌కీ మొదటి నెలంతా ఆళ్లగడ్డ రాతి దుమ్మే చూపించేవాడట.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను కాబట్టి ఇది నాకు బాగానే ఎక్కింది. లాగ్ చూడకుండా సర్వర్ రీస్టార్ట్ చేసేవాళ్లు ఉంటారు. లాగ్‌లో ఎర్రగా కనబడిన ప్రతి లైనునీ బగ్ అనుకుని రాత్రంతా తవ్వేవాళ్లూ ఉంటారు. నేను మొదటి రకం నుంచి రెండో రకంలోకి వెళ్లానంతే. ఒక నోట్‌బుక్ పెట్టి, తేదీ, ఏ చేప, ఎక్కడ గీశాను, ఏం కనబడింది, అన్నీ రాయడం మొదలుపెట్టాక కొంత కుదుటపడ్డాను.

2023 మే. మా నంద్యాల ఎండల గురించి చెప్పక్కర్లేదు. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, గంటల తరబడి రాలేదు. మర్నాటికి చేపలు నీటి పైకి చేరి నోళ్లు తెరిచి మూస్తున్నాయి. అప్పటికి మళ్లీ ఆరు ఉన్నాయి. నాలుగు స్లైడ్లు తీశాను. ఒళ్లు, తోక, మొప్పల అంచు. పురుగు లేదు. నోట్‌బుక్‌లో 'నెగిటివ్' అని రాశాను.

ఆరోజు మామ కంటి డాక్టరు దగ్గరికని నంద్యాలకే వచ్చి ఉన్నాడు. భోజనాలయ్యాక నోట్‌బుక్ తెమ్మన్నాడు. కుడి కంటికి దగ్గరగా పెట్టుకుని పేజీలు తిప్పాడు. చివరి పేజీ దగ్గర ఆగి, నా జేబులోంచి పెన్ను తీసుకుని 'నెగిటివ్' మీద అడ్డంగా గీత కొట్టాడు.

"ఎన్ని ఫీల్డ్స్ సూసినావు?"

"లెక్కపెట్టలేదు మామా."

"లెక్కపెట్టు. ఇన్ని ఫీల్డ్స్ సూసినా, కనపళ్లేదు అని రాయి. లేదు అని రాసేకి నువ్వెవరు?"

ఆ గొంతులో ఉన్న కోపం నా చేపలకి సంబంధించింది కాదని తెలుస్తూనే ఉంది. నాన్న లోపల నిద్రపోతున్నాడు. మామ కాసేపు తొట్టి వైపు చూశాడు. తర్వాత, ఎవరికో లెక్క ఒప్పజెప్తున్నట్టు మొదలుపెట్టాడు.

2009 అక్టోబర్ మొదట్లో కర్నూలు మునిగిన వరదలు వచ్చాయి. నేనప్పుడు ఇంజనీరింగ్ చదువుతూ హాస్టల్లో ఉన్నాను. ఆ తర్వాతి వారాల్లో మావైపంతా జ్వరాలు. నాన్నకీ జ్వరం. సాయంత్రమయ్యేసరికి వచ్చేది. వైడల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు. మావైపు జ్వరం వారం దాటితే దానికి టైఫాయిడ్ అనే పేరు పెడతారు. వైడల్ చూసేది క్రిమిని కాదు, రక్తంలోని యాంటీబాడీలని. ఎప్పుడో వచ్చిపోయిన జ్వరానికి కూడా అది పాజిటివ్ చూపించగలదు. రెండు కోర్సుల మందులు వాడినా జ్వరం పోలేదు. దగ్గు మొదలైంది, మనిషి తగ్గిపోయాడు. నవంబర్‌లో మామకి అనుమానమొచ్చి తనే కళ్లె తెప్పించాడు. తనే రంగు వేశాడు. తనే చూశాడు. నెగిటివ్ అని రాసిచ్చాడు. ఆ కాగితం చూసి డాక్టరు క్షయ సంగతి పక్కన పెట్టేశాడు. జనవరిలో ఇంకో ఊళ్లో, ఇంకెవరో చూస్తే మూడు ప్లస్‌లు. అంటే ప్రతి ఫీల్డ్‌లోనూ పదికి మించి.

ఇక్కడిదాకా నాకు తెలిసిన కథే. మా ఇంట్లో చెప్పుకునేటప్పుడు "అప్పటికింకా బయటపడలేదు" అనేవాళ్లు.

"వంద ఫీల్డ్స్ సూడాల. అది రూలు" అన్నాడు మామ. "ఆ పొద్దు నా ముందర అరవై స్లైడ్లు ఉండాయి. వరద జ్వరాలు. బయట మనుషులు కిటికీ పట్టుకుని నిలబడుకోనుండారు. బావది ఇరవై సూసినా. ఇరవై ఐదేమో. శుభ్రంగా ఉంది. నెగిటివ్ అని రాసినా. రాసేటప్పుడు సంతోషం కూడా అయింది రా, అక్కకి ఫోన్ చేసి చెప్పినా."

నేనేమీ మాట్లాడలేదు.

"స్లైడ్లు పారెయ్యం. మళ్లీ చెక్ చేసేవాళ్లుంటారు కాబట్టి దాచిపెడతాం. జనవరిలో బావ సంగతి తెలిసినాక, రాత్రి పొద్దుపోయినాక ల్యాబ్‌కి పోయి ఆ స్లైడు తీసినా. లెక్కపెట్టుకుంటా సూసినా. అరవై మూడో ఫీల్డ్‌లో ఉండాయి. రెండు. నీలంలో ఎర్రగా, గీత గీసినట్టు."

వందలో రెండు కనబడితే రిపోర్టులో 'స్కాంటీ' అని, పక్కన 2 అని రాస్తారు. అది నెగిటివ్ కాదు. ఆ రెండు గీతలకీ జనవరికీ మధ్య తొమ్మిది వారాలు. ఆర్నెల్లు మాత్రలు మింగి నాన్న బతికాడు. కుడి ఊపిరితిత్తి మాత్రం మచ్చలు పడి ముడుచుకుపోయింది. ఎగువ అహోబిలం మెట్లెక్కడం ఆ ఏడాదితో ఆఖరు. నేను అక్వేరియం కొన్నది ఆ తొమ్మిది వారాల వల్లేనని అప్పుడు లెక్క తేలింది.

ఓదార్చాలనిపించింది. నాకు చేతనయ్యేది చదివింది చెప్పడమే కాబట్టి రొనాల్డ్ రాస్ కథ ఎత్తుకున్నాను. హైదరాబాదులో ఉండగా ఒకసారి బేగంపేటలో ఆయన పేరున్న భవనం చూసొచ్చాను. మలేరియా దోమల వల్ల వస్తుందన్న అనుమానంతో రాస్ 1895 నుంచి రెండేళ్లపాటు దోమల్ని కోసి చూశాడు. ఏమీ కనబడలేదు. మైక్రోస్కోపు మరలు ఆయన చెమటకి తుప్పుపట్టాయి. మిగిలిన ఒక్క ఐపీస్ కూడా పగిలింది. కోసిన దోమలు గాలికి ఎగిరిపోతాయని పంకా కూడా వేయించుకోలేదు. ఆ రెండేళ్లూ ఆయన కోసినవి వేరే జాతి దోమలు. 1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న దోమలు దొరికాయి. వాటిని హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి చేత, దోమకి ఒక అణా చొప్పున ఇచ్చి కుట్టించుకున్నాడు. ఆగస్టు 20న అలాంటి దోమ పొట్ట గోడలో పరాన్నజీవి కనబడింది. 1902లో నోబెల్ బహుమతి. రెండేళ్ల తర్వాత 'దోమల్లో పరాన్నజీవి లేదు' అని రాసేసి ఉంటే కథ అక్కడితో ఆగిపోయేది, ఆయన కూడా కనబడలేదనే అనుకుని ఇంకా వెతికాడు కాబట్టే కదా, అన్నాను. నాకైతే చాలా సరైన పోలిక అనిపించింది.

మామ విని తలూపాడు. "రాస్ సూసింది దోమల్ని రా. నేను సూసింది బావ స్లైడు."

ఆ తర్వాత ఆ మాట మళ్లీ ఎత్తలేదు. "పైన ఏం కనపడకపోతే నీళ్లు సూడు" అని తొట్టి వైపు చెయ్యి చూపించాడు. చూశాను. అమ్మోనియా పరీక్ష గొట్టంలో నీళ్లు పసుపుగా ఉండాల్సింది ముదురు ఆకుపచ్చకి తిరిగాయి. కరెంటు లేక ఫిల్టరు ఆగినప్పుడు గాలందక అందులో బాక్టీరియా చచ్చిపోయినట్టుంది. మా బోరు నీళ్లు సున్నపురాతి నీళ్లు, క్షారగుణం ఎక్కువ. పైగా మే నెల వేడి. నీళ్లలో క్షారగుణమూ వేడీ పెరిగేకొద్దీ అమ్మోనియా ఇంకా విషమవుతుంది. పురుగు ఏమీ లేదు. అంటే, కనబడలేదు. రెండ్రోజులు నీళ్లు కొంచెం కొంచెం మారుస్తూ ఉంటే ఆరింట్లో నాలుగు బతికాయి. ఏ మందూ వెయ్యలేదు. నీలం సీసా అలమారలోనే ఉంది. ఆ రెండ్రోజులూ దాన్ని తియ్యకుండా ఉండడమే కష్టమైంది.

అప్పుడప్పుడూ పుస్తకాల మీద రాస్తుంటాను. ఆ మధ్యాహ్నం తర్వాత నా పాత సమీక్షలు తీసి చదువుకున్నాను. ఒక కొత్త రచయిత మొదటి కథల సంపుటి మీద ఐదేళ్ల కింద రాసిన వాక్యం ఒకటి దొరికింది: ఈ కథల్లో ఏమీ లేదు. ఆ పుస్తకాన్ని నేను ఎలా చదివానో నాకు గుర్తుంది. బెంగళూరు నుంచి వస్తూ, రాత్రి బస్సులో, ఫోను వెలుతురులో, సగం నిద్రలో. ఎన్ని ఫీల్డ్స్ చూశాను? ఆ రచయిత తర్వాత ఇంకేమైనా రాశారేమోనని వెతికాను. కనబడలేదు. దీనికి నేనే కారణమనేంత గొప్పవాణ్ణి కాదు. కానీ ఆ వాక్యం రాసేటప్పుడు నాకు కలిగిన తృప్తి గుర్తుంది. నీలం మందు వేసినప్పటి తృప్తి లాంటిదే. తేలిపోయింది అన్న తృప్తి.

ఇక ముందెప్పుడూ తీర్పు చెప్పనని ప్రతిజ్ఞ చెయ్యడం లేదు. 'కనబడలేదు' అనేదాన్ని కూడా దాక్కోడానికి వాడుకోవచ్చు. ఒక్క ఫీల్డ్ చూసి కనబడలేదు అని వినయంగా చెప్పేవాడు, ఇరవై చూసి లేదు అన్నవాడికంటే మెరుగేం కాదు. మామ నోట్‌బుక్‌లో గీత కొట్టినప్పుడు ముందు అడిగింది అంకె. ఆ అంకె పక్కన ఉంటేనే ఆ మాటకి విలువ. వంద చూసి, అప్పుడూ కనబడకపోతే, రాసి సంతకం పెట్టాల్సిందే. బయట కిటికీ పట్టుకుని మనిషి నిలబడి ఉంటాడు.

ఇప్పుడు ఆదివారాలు షాపతను నాకు ఫోన్ చేస్తుంటాడు. కొత్త సరుకు దిగినప్పుడు వెళ్లి రెండు మూడు చేపల్ని గీసి చూసి చెప్తుంటాను. ఇక్ నిజంగానే ఉన్న చేపని కూడా చూశాను. జిగురులో మెల్లగా దొర్లే గుండ్రటి కణం, లోపల గుర్రపు లాడంలా వంగిన కేంద్రకం. ఒకసారి చూస్తే ఇక మర్చిపోలేం. షాపతను కూడా ఒకసారి కన్ను ఆనించి చూసి, "అబ్బా, ఇదా అన్నా ఇక్కంటే" అన్నాడు. పదేళ్లుగా దానికి మందు అమ్ముతున్నాడు. నీలం సీసాలు ఇప్పటికీ కౌంటర్ కిందే ఉన్నాయి. జనం అడుగుతారు, ఆయనేం చేస్తాడు.

ఆ సంగతి మామ నాన్నకి ఎప్పుడైనా చెప్పాడో లేదో నాకు తెలియదు. అడగలేదు. ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉంటారు. ఎక్కువగా మామ కన్ను గురించి, నాన్న ఆయాసం గురించి, ఆ తర్వాత చేపల గురించి.

మొన్న ఒక చేప రెండ్రోజులుగా మూలకి చేరి ఉంటే స్లైడు తీశాను. నాన్న మేత డబ్బా పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. మెట్లెక్కి వచ్చినట్టున్నాడు, ఊపిరి వినబడుతోంది.

"ఏముంది రా?"

"నలభై చూశాను నాన్నా. ఏం కనబడలేదు."

"అంటే లేదనా?"

నేను స్లైడుని ఒక గీత పక్కకి జరిపాను. "ఉండు, ఇంకా అరవై ఉన్నాయి."

నాన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.